శ్రీ వగైరా గారికి

మా చెల్లెలి పెళ్లికి శుభలేఖల కవర్ల మీద అంటించే అడ్రసు చీటీలు నా ప్రోగ్రామే అచ్చువేసింది. మొదటి షీటు ప్రింటర్లోంచి వేడివేడిగా బయటికి రాగానే అమ్మ దాన్ని అందుకుని, కళ్లజోడు సవరించుకుని, పైకి చదవడం మొదలుపెట్టింది. మొదటి చీటీ పెద్ద మావయ్యది. బాగానే ఉంది. రెండోది "శ్రీ ఎం.ఏ. గారికి". మూడోది "శ్రీ బి.ఇడి. గారికి". నాలుగోది తెనాలి బాబాయిది. ఐదోది "శ్రీ రిటైర్డ్ ఎం.ఆర్.ఓ. గారికి". చిట్టచివరి చీటీ దగ్గర అమ్మ ఆగిపోయింది.

"ఏవండీ, ఈ వగైరా గారెవరు? మీ వైపా, మా వైపా?"

నాన్నగారు పేపరు దించకుండానే "అందరి వైపూ" అన్నారు.

అప్పటికి సాఫ్ట్‌వేర్‌లో నాకు పద్దెనిమిదేళ్ల అనుభవం. ఎక్కడెక్కడి కంపెనీల లెక్కలెన్నో నా చేతి మీదుగా నడిచాయి. అలాంటివాణ్ణి మా నాన్నగారు రాసిన ఒక్క వరస పేర్లు చదవలేక, సొంత ఇంటి హాల్లో, సొంత తల్లి ముందు నిలబడి ఉన్నాను.

కాన్ఫిగ్ ఫైల్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం చెబుతాను. ప్రోగ్రామ్‌లో మాటిమాటికీ మారే సంగతులు కొన్ని ఉంటాయి. ఏ ప్రింటరు, ఏ ఊళ్లు, ఎవరికి మెయిల్ పంపాలి, ఇలాంటివి. వాటిని కోడ్‌లో కలిపేయకుండా పక్కన ఒక చిన్న ఫైల్‌లో విడిగా పెడతాం, పంక్తిలో ఉప్పు విడిగా వడ్డించినట్టు. ఎవరికి ఎంత కావాలంటే అంత కలుపుకోవచ్చు. "కోడ్ ముట్టుకోకుండా ఎవరైనా మార్చుకోవచ్చు" అని ప్రతి డిజైన్ మీటింగ్‌లోనూ చెబుతాం. ఆ "ఎవరైనా" అనే ఆయన్ని మాత్రం నేను పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ చూడలేదు. ఆ ఫైల్స్ అన్నిటినీ మళ్లీ మేమే మారుస్తాం, మేమే పాడుచేస్తాం, అర్ధరాత్రి లేచి మేమే బాగుచేస్తాం. చివరికి నాకు దొరికిన మొట్టమొదటి "ఎవరైనా" మా నాన్నగారు. హైస్కూల్లో తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. కోడ్ ముట్టుకోరు, ముట్టుకోమన్నా ముట్టుకోరు. జాబితా మాత్రం ఆయనదే.

నేను ఆయనకిచ్చింది ఐఎన్ఐ ఫైల్. విండోస్ తొలి రోజుల నుంచీ ఉన్న పద్ధతి. చదరపు బ్రాకెట్లలో ఒక శీర్షిక, కింద ఎడమవైపు పేరు, మధ్యలో సమానం గుర్తు, కుడివైపు విలువ. ఇంతకంటే సులువైనది లేదనుకున్నాను. నేను రాసే పైథాన్ భాషలో దీన్ని చదవడానికి కాన్ఫిగ్‌పార్సర్ అని సరంజామా సిద్ధంగా ఉంది. దాని దృష్టిలో సమానం గుర్తుకు కుడివైపు ఏమున్నా అది ఉట్టి అక్షరాల వరస. అంకె కావాలని గట్టిగా అడిగితే అంకె చేసి ఇస్తుంది. అవునా కాదా అని అడిగితే ఎస్, నో, ఆన్, ఆఫ్, ట్రూ, ఫాల్స్, ఒకటి, సున్నా, అన్నీ అర్థం చేసుకుంటుంది. జాబితా కావాలంటే మాత్రం నోరు విప్పదు. నీ తిప్పలు నువ్వు పడమంటుంది. అందుకని దీన్ని వాడే ప్రోగ్రామర్లు తరతరాలుగా ఒకే లైన్ రాస్తున్నారు: కామా కనబడ్డ చోటల్లా తెగ్గొట్టు. నేనూ రాశాను.

నాన్నగారు ఇలా రాశారు:

పిలుపులు = పెద్ద మావయ్య, ఎం.ఏ., బి.ఇడి., తెనాలి బాబాయి, రిటైర్డ్ ఎం.ఆర్.ఓ., గుంటూరు వదినగారు, వగైరా

"కామా పెట్టమన్నావు, పెట్టాను" అన్నారు.

"మనిషికీ మనిషికీ మధ్య పెట్టమన్నాను నాన్నగారూ. మనిషి మధ్యలో కాదు."

"డిగ్రీకి ముందు కామా ఉండదట్రా? పలకరింపుల్లో డిగ్రీ మానేస్తే మీ మావయ్య కవరు విప్పుతాడనుకుంటున్నావా?"

విప్పడు. ఆ సంగతి నాకూ తెలుసు. చదివేవాడు మనిషైతే ఎం.ఏ. అనే పెద్దమనిషి ఉండడని వాడికి తెలుస్తుంది. నా ప్రోగ్రామ్‌కి తెలియదు. దానికి మావయ్యా ఒకటే, మావయ్య డిగ్రీ ఒకటే, ఇద్దరికీ చెరో కవరు.

కామా గురించి మొదలయ్యాక నాన్నగారు ఆగలేదు. అసలు తెలుగుకి కామాతో పనేమిటన్నారు. తాటాకుల మీద మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా వదలకుండా రాశారు, చదివేవాళ్లు చదువుకున్నారు. "రాముడును, లక్ష్మణుడును, సీతయు" అంటే ప్రతి పేరు చివరా ఒక "ను", ఒక "యు" అంటుకునే ఉంది. మధ్యలో కామా తీసేసినా ఎవరు ఎవరో తెలుస్తుంది. వాడుక భాషలోనైతే చివర దీర్ఘం తీస్తే చాలు: అమ్మా, నాన్నా, అత్తా. "నీ కంప్యూటరుకి దీర్ఘం వినిపించదా?" అని అడిగారు. వినిపించదన్నాను. "మరి ద్వంద్వ సమాసం?" అన్నారు. అదేమిటో నాకు వెంటనే తట్టలేదు కానీ ఫైల్ తెరిచి చూస్తే తెలిసింది. మా దూరపు చుట్టాల్లో కవల అన్నదమ్ములుంటే ఆయన ఇద్దర్నీ కలిపి ఒకే మాటగా రాశారు. రామలక్ష్మణుల తరహాలో. ఒకే చీటీ వచ్చింది. వాళ్లకి వేరు కాపురాలై ఇరవై ఏళ్లయింది, గోడ కూడా లేచింది.

ఆయన చెప్పినవాటిలో నన్ను నిజంగా కట్టిపడేసింది ద్విగు సమాసం. పంచపాండవులు, సప్తర్షులు, నవగ్రహాలు. ముందు లెక్క, వెనక సరుకు. తెగ్గొట్టడానికి గుర్తే అక్కర్లేదు, ఎన్ని ఉన్నాయో ముందే చెప్పేశారు కదా. ఇదే ఉపాయం పాత ఫోర్ట్రాన్ భాషలో ఉంది. ఐదక్షరాల మాట రాయాలంటే ముందు 5, తర్వాత హెచ్, ఆపైన మాట. 1997లో బెర్న్‌స్టీన్ అనే ఆయన నెట్‌స్ట్రింగ్ అని ప్రతిపాదించిందీ దాదాపు ఇదే: ముందు పొడుగు, తర్వాత సరుకు. లోపల ఎన్ని కామాలున్నా ఫరవాలేదు. మనవాళ్లు దీన్ని వ్యాకరణంలోనే పెట్టేశారు. కర్ణుడు ఆరోవాడని తెలిశాక కూడా అంకె మార్చలేదు చూడండి, స్కీమా అంటే అలా ఉండాలి. "అయితే నాన్నగారూ, మీరు కూడా ముందు లెక్క రాస్తారా?" అన్నాను. "పిలుపుల లెక్క ముందే తెలిస్తే నీతో పనేమిటి? క్యాటరింగ్ వాడికే చెప్పేవాణ్ణి" అన్నారు.

సరే, కామా వద్దు, ఎవరి పేర్లోనూ ఉండని గుర్తు ఒకటి పెట్టుకుందాం అనుకున్నాను. నా వృత్తిలో అందుకు నిలువు గీత వాడతాం. మామూలు మనుషుల రాతలో అది ఎక్కడా కనబడదని మా నమ్మకం. ఆ నమ్మకం పెట్టుకున్నవాళ్లెవరూ తెలుగు శుభలేఖ చూసి ఉండరు. నాన్నగారు కొత్త ఫైల్ పంపారు. చి||, ల||, సౌ||, బ్ర||శ్రీ||, కీ||శే||. మన శుభలేఖల్లో అక్షరాల కంటే నిలువు గీతలే ఎక్కువ. కీర్తిశేషులైన చిన్నతాతగారి అబ్బాయికి వెళ్లాల్సిన చీటీ ఐదు ముక్కలైంది. "శ్రీ కీ గారికి", ఆ తర్వాత ఒక ఖాళీ, "శ్రీ శే గారికి", మళ్లీ ఒక ఖాళీ, చివర్న అసలు మనిషి. ఖాళీ చీటీల మీద "శ్రీ గారికి" అని మాత్రమే ఉంది. అమ్మ వాటిని చూసి, "ఇవి తాతగారికే అయ్యుంటాయి" అని దేవుడి గూట్లో పెట్టింది.

నన్ను చూసి నవ్వేముందు ఒక మాట. ఆఫీసులో ఇంతకంటే ఘోరాలు జరుగుతాయి, అక్కడ నాన్నగారు కూడా ఉండరు, అన్నీ మేమే చేస్తాం. ఒకప్పుడు నేను పనిచేసిన చోట ఏయే ఊళ్లకు సరుకు చేరవెయ్యాలో ఒక కాన్ఫిగ్ ఫైల్‌లో ఉండేది. విజయవాడ, గుంటూరు, తెనాలి. శుభ్రంగా కామాలు పెట్టి రాశారు. విజయవాడకి మాత్రం ఆర్డర్లు పడుతున్నాయి, మిగతా ఊళ్లకి "మీ ఊరికి సేవ లేదు" అని వస్తోంది. అన్నీ విజయవాడకేనా అని గుంటూరు వాళ్లకి ఎప్పట్నుంచో ఉన్న ఫిర్యాదే కాబట్టి మొదటి రోజు ఎవరూ ఆశ్చర్యపోలేదు. రెండో రోజు రాత్రి పదకొండుకి నా దగ్గరికి వచ్చింది. తెల్లవారుజామున మూడింటికి కనిపెట్టాను. బళ్లో నేర్పినట్టు కామా తర్వాత ఒక ఖాళీ వదిలారు. తెగ్గొట్టినప్పుడు ఆ ఖాళీ రెండో ఊరి ముందు అంటుకుపోయింది. ప్రోగ్రామ్ దృష్టిలో అది గుంటూరు కాదు, ముందు ఖాళీ ఉన్న గుంటూరు. అలాంటి ఊరు ప్రపంచంలో ఎక్కడా లేదు. ఖాళీలు చెక్కెయ్యడానికి ఒక్క మాట చాలు, స్ట్రిప్. ఆ మాట రాయని పాపానికి రెండు రోజులు గుంటూరుకి సరుకు లేదు. ఆ మాట రాయనివాడు ఎవడా అని పాత రికార్డులు తిరగేస్తే నా పేరే వచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇంకొక చోట ఇంతకంటే చిత్రం. సర్వర్ పడిపోతే కబురు చెయ్యాల్సిన ఫోన్ నంబర్లు బ్రాకెట్లలో జాబితాగా ఉండేవి, రెండు నంబర్లు. ఒకాయన ఉద్యోగం మానేశాడు. ఆయన నంబరు తీసేసిన కుర్రాడు, ఇక మిగిలింది ఒక్కరే కదా, ఇంకా బ్రాకెట్లెందుకని వాటినీ తీసేశాడు. ఒక్కడే ఉన్న ఇంట్లో ఐదుగురికి సరిపడే గుండిగ ఎందుకన్నట్టు. ఇప్పుడది జాబితా కాదు, కొటేషన్లలో ఉన్న ఉట్టి అక్షరాల వరస. పైథాన్ దానికేమీ అభ్యంతరం చెప్పదు. జాబితాలో ఒక్కొక్కటీ తియ్యమంటే వస్తువులు తీస్తుంది, అక్షరాల వరసలో ఒక్కొక్కటీ తియ్యమంటే అక్షరాలు తీస్తుంది. పది అంకెల నంబరు, పది మెసేజీలు. మొదటి మెసేజి 9 అనే నంబరుకి, రెండోది 8కి. పదీ చేరలేదు. చేరని ప్రతి మెసేజికీ ఒక హెచ్చరిక పంపాలని నియమం ఉంది. ఎవరికి? అదే జాబితాకి. పది పోయి వంద, వంద పోయి వెయ్యి. అసలు సర్వర్ పడిపోవడమన్నది ఐదు నిమిషాల ముచ్చట. ఈ మెసేజీల వాన ఆపేసరికి తెల్లారింది. ఎవరి ఫోనూ ఒక్కసారైనా మోగలేదు, అదీ విచిత్రం.

ఈ జబ్బు తెలుగులో వస్తే ఇంకా ముదురుతుంది. "శ్రీ" అనేది మనకి ఒక అక్షరం. పైథాన్‌ని ఒక్కొక్కటీ తియ్యమంటే నాలుగు ముక్కలు తీస్తుంది: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. మా చీటీల ప్రోగ్రామ్‌కి కూడా ఒకసారి ఇలాంటిది జరిగి, ఒక చీటీ మీద గుడిదీర్ఘం ఒక్కటే ఆధారం లేకుండా గాల్లో వేలాడుతూ వచ్చింది. నాన్నగారు దాన్ని చాలాసేపు చూసి, "హల్లు లేని గుడిని చూడ్డం ఇదే మొదటిసారి" అన్నారు. ఆయన ముప్పయ్యేళ్ల సర్వీసులో పిల్లలెవరూ ఆ తప్పు చెయ్యలేదట.

జాబితా అనుకున్నది జాబితా కాకపోతే ఇంకో ముప్పు ఉంది. ఫలానావారు ఇందులో ఉన్నారా అని అడిగితే, జాబితా అయితే పూర్తి పేరు సరిచూస్తుంది. అక్షరాల వరస అయితే ఆ ముక్క ఎక్కడైనా తగిలిందా అని చూస్తుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల పిలుపుల చిట్టాలో "రావు" ఉన్నాడా అని అడిగి చూడండి. ఉన్నాడంటుంది, ప్రతి మూడో పేరులోనూ.

ఖాళీ జాబితా సంగతి చెప్పకపోతే కథ అసంపూర్ణం. అవతలివాళ్లని అడ్డుకునే జాబితా ఒకటి మా దగ్గర ఉండేది. ఏ అక్షరాలతో మొదలయ్యే మెయిళ్లని రానివ్వకూడదో అందులో రాస్తారు. ఒకరోజు పైవాళ్లు, ఇక ఎవర్నీ అడ్డుకోవద్దు, అందర్నీ రానివ్వండి అన్నారు. సరేనని సమానం గుర్తుకి కుడివైపు ఉన్నదంతా చెరిపేశాం. మరుక్షణం నుంచి ఒక్క మెయిల్ కూడా లోపలికి రాలేదు. ఎందుకంటే ఏమీ లేనిదాన్ని కామా దగ్గర తెగ్గొడితే ఏమీ రాదనుకుంటాం, కానీ ఒకటి వస్తుంది. ఒక ఖాళీ మాట. సున్నా కాదు, ఒకటి. సంచి దులిపితే అందులోంచి ఇంకో ఖాళీ సంచి పడ్డట్టు. ఇక ప్రపంచంలో ప్రతి మాటా ఖాళీతోనే మొదలవుతుందని పైథాన్ సిద్ధాంతం. తర్కం ప్రకారం తప్పు పట్టడానికి లేదు. ఇంత వేదాంతం మెయిల్ సర్వర్లో అవసరమా అన్నదే నా బాధ.

మళ్లీ పెళ్లి దగ్గరికి వస్తాను. ఐఎన్ఐలోనే ఒక్కో పేరూ ఒక్కో లైన్లో, ముందు కాస్త జరిపి రాస్తే కామాలు, గీతలు ఏమీ అక్కర్లేదు. ఆ పద్ధతీ చూశాం. చీటీలు అందంగా వచ్చాయి, ఇంటి నంబర్లు మాత్రం రాలేదు. మన అడ్రసుల్లో ఇంటి నంబరు ముందు నాన్నగారి తరం వాళ్లు # గుర్తు వేస్తారు. ఆ గుర్తుతో మొదలైన లైన్ వ్యాఖ్యానమనీ, తాను చదవకూడదనీ కాన్ఫిగ్‌పార్సర్ నియమం. చదవలేదు. "ఫరవాలేదులే, మన పోస్ట్‌మన్‌కి నంబర్లతో పని లేదు" అన్నారు నాన్నగారు. తెనాలి దాకా నిజమే. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకి ఆ ధీమా పనికిరాదు.

అప్పుడు యామల్ అనే ఇంకో పద్ధతికి మారాం. 2001లో వచ్చింది. ప్రతి వస్తువుకీ ముందు ఒక చిన్న అడ్డగీత, పక్కన పేరు. నాన్నగారు చూడగానే మెచ్చుకున్నారు. "ఇది మన కిరాణా చీటీయే. కందిపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇలాగే రాస్తాం." అంతసేపూ పడ్డ శ్రమంతా మరిచిపోయి నేనూ సంతోషించాను. ఆయన పాత ఫోన్ డైరీ ముందేసుకుని పేరు, ఊరు, ఎస్‌టీడీ కోడ్, నంబరు వరసగా ఎక్కించారు. అచ్చువేస్తే విజయవాడ 0866 భద్రంగా ఉంది. గుంటూరు 0863 ఉంది. విశాఖ 0891 ఉంది. హైదరాబాద్ 040 మాత్రం 32 అయి కూర్చుంది.

గంటసేపు జుట్టు పీక్కున్నాక బోధపడింది. యామల్ 1.1 ప్రకారం సున్నాతో మొదలయ్యే అంకె అష్టాంశ పద్ధతిలో ఉన్నట్టు. అందులో 0 నుంచి 7 దాకానే అంకెలు. ఆ లెక్కన నలభై అంటే నాలుగు ఎనిమిదులు, ముప్పైరెండు. మరి మన కోస్తా ఊళ్లకేమీ కాలేదేం? వాటన్నిటిలోనూ 8 ఉంది. అష్టాంశంలో 8 అనేదే లేదు కనుక ఇది అంకె కాదులే అని వాటిని మాటలుగా వదిలేసింది. వరంగల్, కరీంనగర్ కూడా 08తోనే మొదలవుతాయి, అవీ బతికాయి. రెండు రాష్ట్రాల్లోనూ దొరికిపోయింది ఒక్క హైదరాబాదే. చెల్లెలు ఆ కాగితం చూసి, "రాష్ట్రం విడిపోయినా హైదరాబాద్‌ది ఎప్పుడూ ప్రత్యేక ప్రతిపత్తే" అంది.

ముహూర్తం దగ్గర ఇంకా పెద్ద గండం వచ్చింది. రాత్రి 10:47 అని సిద్ధాంతిగారు పెట్టిన ముహూర్తం. సమయం అన్న చోట 10:47 అని రాశాం. చీటీ అడుగున "సుముహూర్తం: 647" అని వచ్చింది. యామల్ 1.1లో ఇలా రెండు చుక్కలతో విడదీసిన అంకెలు కనబడితే అరవై లెక్కలో కూడుతుంది: పది అరవైలు ఆరువందలు, పైన నలభై ఏడు. నేను దాన్ని నోటికొచ్చినట్టు తిడుతుంటే నాన్నగారు నా వైపు కాదు, దాని వైపు మాట్లాడారు. "రోజుకి అరవై గడియలు, గడియకి అరవై విగడియలు. పంచాంగమంతా అరవై లెక్కే కదరా. వాడెవడో చదువుకున్నవాడే." అలా మా ఇంట్లో యామల్‌కి ఒక అభిమాని ఏర్పడ్డాడు.

నార్వేలో ఉన్న మా పిన్ని కొడుకు చీటీ మీద దేశం పేరు స్థానంలో "ఫాల్స్" అని వచ్చేదాకా ఆ అభిమానం చెక్కుచెదరలేదు. నార్వే రెండక్షరాల సంకేతం ఎన్, ఓ. రెండూ కలిస్తే నో. నో అంటే కాదు, కాదంటే ఫాల్స్. ఇది నా ఒక్కడి గోడు కాదు, ప్రపంచమంతా దీన్ని నార్వే సమస్య అనే పిలుస్తారు. 2009లో వచ్చిన యామల్ 1.2 ఈ తిక్కలన్నీ వదిలించుకుంది. కానీ పైథాన్‌లో అందరూ వాడే పైయామల్ ఇప్పటికీ 1.1 మాటే వింటుంది. పెద్దలు కూర్చుని ఒప్పుకున్నా, వచ్చేవాళ్లు పాత పద్ధతే కావాలన్నట్టు.

వీటన్నిటినీ కొటేషన్లలో పెడితే సరిపోతుందని నాకు తెలుసు. అలా సరిపెట్టేవాణ్ణే. కానీ అమ్మ చీటీలు లెక్కపెట్టి "పెద్దవాడి చీటీ ఏదిరా?" అంది. మా పెదనాన్న పిల్లలిద్దరికీ తాతగారి పేరే పెట్టారు. పెద్దవాడు, చిన్నవాడు అని మేం పిలుచుకోవడమే తప్ప కాగితం మీద ఇద్దరూ ఒకటే. నేను పేరుని బట్టి అడ్రసు వెతికేలా రాశాను. ఒకే పేరు రెండుసార్లు వస్తే పైయామల్ కిక్కురుమనకుండా మొదటిదాన్ని పడేసి రెండోది ఉంచుకుంటుంది. పెద్దవాడు పోయి చిన్నవాడు మిగిలాడు. అమ్మ లెక్కపెట్టకపోతే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. తమ్ముడికి పిలుపొచ్చి అన్నకి రాకపోతే మా వైపు రెండు తరాలు మాటలుండవు. ఆ తప్పు యామల్‌ది అని నేను ఏ పంచాయితీలో నిరూపించుకునేవాణ్ణి? పాపం కాన్ఫిగ్‌పార్సర్‌ని అన్ని మాటలన్నాను కానీ, ఈ విషయంలో అది నిక్కచ్చి. అదే పేరు రెండోసారి కనబడితే ముందుకే కదలదు.

జేసన్ అనే మరో పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. నాన్నగారు ప్రతి పేరు పక్కనా ఒక మాట రాస్తారు: "స్వయంగా వెళ్లి ఇవ్వాలి", "బట్టలు పెట్టాలి", "పోయినసారి అలిగాడు". పిలుపుల చిట్టాకి ప్రాణం అదే. జేసన్‌లో వ్యాఖ్యలకి చోటు లేదు. జనం వాటిలో ప్రోగ్రామ్‌లకి రహస్య ఆదేశాలు దూరుస్తున్నారని దాన్ని రూపొందించిన డగ్లస్ క్రాక్‌ఫర్డ్ కావాలనే తీసేశాడు. పైగా చివరి పేరు తర్వాత కామా ఉంటే ఒప్పుకోదు. నాన్నగారు చివరి పేరు తర్వాత కూడా కామా పెడతారు. "ఇంకా వస్తారు కదా" అంటారు. పెళ్లి పిలుపుల్లో చివరి పేరు ఎక్కడుంటుంది?

చివరికి టామల్ అనే పద్ధతి దగ్గర ఆగాం. గిట్‌హబ్ వ్యవస్థాపకుల్లో ఒకడైన టామ్ ప్రెస్టన్ వెర్నర్ 2013లో మొదలుపెట్టాడు, తన పేరే పెట్టుకున్నాడు. 2022లో వచ్చిన పైథాన్ 3.11 నుంచి దాన్ని చదివే సరంజామా పైథాన్‌తోనే వస్తుంది. జాబితా బ్రాకెట్లలో ఉంటుంది, ఒక్కో పేరూ కొటేషన్లలో. చివర కామా పెట్టుకోవచ్చు. పక్కన వ్యాఖ్య రాసుకోవచ్చు. కొటేషన్ల లోపల ఉన్న కామా, నిలువు గీత, #, దేన్నీ ముట్టుకోదు. 040ని కొటేషన్లలో పెడితే 040గానే ఉంటుంది. నార్వే నార్వేగానే ఉంటుంది. మావయ్య డిగ్రీలతో సహా ఒకే కవర్లోకి వెళ్లాడు. ఇక నాన్నగారి అభ్యంతరం ఒక్కటే మిగిలింది.

"ప్రతి చుట్టాన్నీ కొటేషన్లలో పెడుతున్నావు. చదివేవాళ్లు ఏమనుకుంటారు? 'చుట్టాలట' అని వెటకారం చేసినట్టు లేదూ?"

కొటేషన్లు చీటీ మీద రావనీ, ఫైల్లోనే ఉండిపోతాయనీ ఒట్టేసి చెప్పాక ఒప్పుకున్నారు. ఆయన ఫోన్‌లో టైప్ చేసి పంపిన కొటేషన్లు వంకర తిరిగి వచ్చాయి, వాటిని నేను నిటారు చేసుకున్నాను. అదొక రాత్రి పని.

ఆఖరి షీటు తీసి నాన్నగారి చేతిలో పెట్టాను. ఒక్క తప్పు లేదు. ఆయన వేలితో వరసగా చూసుకుంటూ వెళ్లి, చివర ఆగి, కాగితం తిప్పి వెనక కూడా చూశారు.

"వగైరా ఏదిరా?"

"తీసేశానండీ. అది పేరు కాదు కదా."

"నేను పేరని చెప్పానా? పాతిక కార్డులు మిగులుంచుకోవాలి. పందిరి వేసే రోజు గుర్తొచ్చేవాళ్లుంటారు. బజార్లో ఎదురుపడి 'పెళ్లట కదా' అనేవాళ్లుంటారు. వాళ్ల పేర్లు నాకిప్పుడు తెలియవు. అందుకని వగైరా అని రాశాను. పండితుణ్ణి, ఊరికే రాస్తానా?"

ఏమనాలో తోచలేదు. లోపలికెళ్లి కోడ్‌లో ఒక షరతు చేర్చాను. జాబితాలో "వగైరా" కనబడితే పాతిక చీటీలు, పేరు ఉండాల్సిన చోట చుక్కలతో. శ్రీ, చుక్కలు, గారికి. ఆ పాతికా పెళ్లినాటికి అయిపోయాయి. చుక్కల మీద పేర్లన్నీ నాన్నగారే రాశారు, బళ్లో బోర్డు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలతో.

పోయినేడు గృహప్రవేశానికి అదే ప్రోగ్రామ్ మళ్లీ బయటికి తీశాను. మా చిన్న బాబాయి కొడుకు కొత్తగా సాఫ్ట్‌వేర్‌లో చేరాడు, సాయానికి వచ్చాడు. కోడ్ చదువుతూ ఆ లైన్ దగ్గర మొహం చిట్లించాడు.

"అన్నయ్యా, ఇదేంటి? ఈ ఒక్క మాటని ఇలా కోడ్‌లోనే రాసేశావు? చాలా దరిద్రంగా ఉంది. తీసేయనా?"

"అక్క పెళ్లికి వచ్చావుగా నువ్వు?"

"వచ్చాను. అప్పుడు హాస్టల్లో ఉన్నాను, పెదనాన్న కార్డు పంపారు."

"ఆ కవరు మీద నీ పేరు అచ్చులో ఉందా, చేత్తో రాసి ఉందా?"

వాడు కాసేపు ఆలోచించి "చేత్తోనే" అన్నాడు. తర్వాత కిందికి స్క్రోల్ చేసుకుంటూ వెళ్లిపోయాడు.